బియ్యపుగింజంత ఉక్కు

నా కూతురు చేతిలోంచి ఫోను తీసుకుని నా చొక్కా జేబులో వేసుకున్న మధ్యాహ్నం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆమె అప్పుడు అన్నం తింటోంది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, ఎంగిలి చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. బస్సులో పక్క సీటు మనిషి ఏదో చేయరాని పని చేస్తుంటే చూస్తామే, అలా చూసింది. ఆ చూపు నా మీద ఎందుకు పడిందో చెప్పాలంటే ఆ ఒక్క మధ్యాహ్నం చెబితే సరిపోదు. నేను పని నేర్చుకున్న చోటు గురించి, నాకు పని నేర్పిన మనిషికి నేను చేసిన ద్రోహం గురించి కూడా చెప్పాలి. రెండూ ఒకటే తప్పు. నలభై అయిదేళ్ళ ఎడంతో రెండుసార్లు చేశాను.

పదో తరగతి తప్పిన ఏడాది నన్ను శంషాబాద్‌లో ఖాజా మియా షెడ్డులో పనికి పెట్టారు. అప్పటికి ఇక్కడ విమానాలు లేవు. బావులు, ఆ బావుల మీద డీజిల్ ఇంజన్లు, వాటి చప్పుడును బట్టి ఎవరి మడికి నీళ్ళు పారుతున్నాయో చెప్పగలిగే మనుషులు ఉండేవాళ్ళు. మా ఊరి నుంచి సైకిల్ మీద అరగంట. అమ్మ పొద్దు పొడవకముందే కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాల్చి, వెల్లుల్లికారం పూసి, పాత చీర పేలికలో చుట్టి హ్యాండిల్‌కు కట్టేది. సగం దారి దాకా రొట్టె వాసన, అక్కడి నుంచి డీజిల్ వాసన. సాయంత్రం తిరిగి వస్తే అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. "నువ్వు ఇంకా మూల తిరగకముందే నీ వాసన ఇంట్లకొస్తదిరా" అని బయటే నిలబెట్టి, రంపపు పొట్టు, బట్టల సబ్బు కలిపి చేతికిచ్చేది. ఎంత రుద్దినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు. ఇప్పటికీ పోలేదు.

ఖాజా మియాను అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే రంగు లుంగీలో ఉండే మనిషి. ఏ ఇంజను వచ్చినా ముందు స్పానరు పట్టేవాడు కాదు. స్టార్ట్ చేయించి, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. నేను చెవి దగ్గర పెట్టి వినబోతే నవ్వేవాడు. "అరే నర్సిమ్, చెవి కాదు, చెయ్యి పెట్టు. ఇంజన్ చెవికి అబద్ధం చెప్తది. చేతికి చెప్పదు." శుక్రవారం నమాజు అయ్యాక వాళ్ళింటి నుంచి ఉస్తాద్ భార్య, మా చాచీ, గిన్నెలో కిచిడీ, చింతపండు ఖట్టా పంపేది. ఉస్తాద్ నా వాటా ముందు తీసి, మిగిలింది తాను తినేవాడు. ఆ రుచి గురించి రాస్తే ఇంకో అధ్యాయం అవుతుంది.

ఆ షెడ్డులో ఒక అలవాటు ఉండేది. గోడకు మేకు కొట్టి ఒక పాత వనస్పతి డబ్బా తగిలించారు. ఏ ఇంజను విప్పి బిగించినా చివర ఒకటో రెండో నట్లు, వాషర్లు మిగిలేవి. అవి ఆ డబ్బాలో పడేవి. రైతులు చూసి నవ్వేవాళ్ళు. "ఏంది మియా, మా ఇంజన్లకెళ్ళి తీసి తీసి కొత్త ఇంజన్ తయారుజేస్తున్నవా?" అంటే, ఉస్తాద్ తడుముకోకుండా, "కంపెనోడు దిల్‌దార్ మనిషి పటేలా, ఎక్కువ పెట్టి పంపుతడు" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఏదైనా తక్కువ పడితే అదే డబ్బాలో చెయ్యి పెట్టి దొరికింది వేసేవాళ్ళం. ఎంత మిగిలినా అడిగేవాళ్ళు లేని చోట, ఏది పోయినా తెలిసేది కాదు. అది చెడ్డ షెడ్డని అనను. చుట్టుపక్కల అన్ని షెడ్లూ అంతే. ఉస్తాద్ కంటే మంచి చెయ్యి ఉన్న మనిషిని నేను తరవాత ఎక్కడా చూడలేదు.

ఉస్తాద్‌కు సత్తయ్య పటేల్ ప్రాణస్నేహితుడు. రెండెకరాల పొలం, ఒక బావి, ఒక ఇంజను ఆయన ఆస్తి. ఇంజను బాగున్న రోజు కూడా షెడ్డుకు వచ్చి పాత టైరు మీద కూర్చుని, ఒకే బీడీని ఇద్దరూ మార్చి మార్చి కాల్చేవాళ్ళు. ఒక ఎండాకాలం, వరి పాలు పోసుకునే సమయంలో ఆ ఇంజను ఆగిపోయింది. ఉస్తాద్ బాగుచేసి, చివరి బిగింపు నాకు అప్పజెప్పి ఎవరింటికో పెళ్ళికి వెళ్ళాడు. నేను పక్క మూత బిగిస్తుంటే ఒక వాషరు వేళ్ళ సందులోంచి జారి లోపల నూనెలో పడింది. తీయాలంటే నూనె మొత్తం దించాలి, మళ్ళీ విప్పాలి, గంటన్నర పని. సత్తయ్య పక్కనే గొంతుకూర్చుని ఉన్నాడు. "ఐతదా నర్సింలూ? మడి నెర్రెలిస్తుంది బిడ్డా" అన్నాడు. "ఐంది పటేలా" అన్నాను. డబ్బాలోంచి ఇంకో వాషరు తీసి మూత బిగించాను.

అయిదో రోజు ఆ వాషరు నూనెతో పాటు ఎగిరి లోపలి కడ్డీకి అడ్డం పడింది. ఇంజను ఒక్క కేక పెట్టి బిగుసుకుపోయింది. కొత్త సామాను పట్నం నుంచి వచ్చేసరికి పది రోజులు దాటింది. అప్పటికి వరి తాలు పోయింది. ఉస్తాద్ ఇంజను విప్పుతుంటే నేనే లైటు పట్టుకున్నాను. నలిగి అంచులు తేలిన వాషరు ఆయన వేళ్ళకు తగిలింది. అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో అటూ ఇటూ తిప్పాడు. ఒకసారి నా వైపు చూశాడు. ఆ షెడ్డులో ఆ రోజు ఆ మూత బిగించింది నేను ఒక్కణ్ణే అని ఇద్దరికీ తెలుసు. ఏమీ అడగకుండా బయటికి వెళ్ళి సత్తయ్యతో, "తప్పు నాది పటేలా. నేను పెండ్లికి పోకముందే నా చేత్తోనే పడ్డది" అన్నాడు. సత్తయ్య బజారు నడుమ నిలబడి, "నమ్మినందుకు నా నోట్ల మట్టి కొట్టినవ్ మియా" అని అరిచాడు. ఆ తరవాత ఆ షెడ్డు ముందు నుంచి పోవలసి వస్తే ముఖం అటు తిప్పుకుని పోయేవాడు.

నేను చెప్పలేదు. చెప్పడానికి ఉస్తాద్ నాకు ఎన్ని రోజులు ఇచ్చాడో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. రోజూ షెడ్డు మూసే ముందు చేతులు కడుక్కుని, చెక్క మీద కూర్చుని, "ఇగ చెప్పు నర్సిమ్, ఏం సంగతి?" అనేవాడు. "ఏం లేదు ఉస్తాద్" అనేవాణ్ణి. నెల రోజులు అలా అడిగాడు. ఒక రోజు అడగడం మానేశాడు. పని మాత్రం ఏదీ దాచకుండా నేర్పాడు. ఆయన చనిపోయినప్పుడు జనాజాకు నేను భుజం పట్టాను. సత్తయ్య రాలేదు. రాడని నాకు తెలుసు, ఎందుకు రాడో కూడా తెలుసు. అయినా నోరు మెదపలేదు.

ఆ తరవాత బావులు పూడిపోయాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. ఇంజన్లు బాగుచేసే నేను ఫంక్షన్ హాళ్ళ జనరేటర్లు బాగుచేసేవాణ్ణి అయ్యాను. నా కూతురు శ్రావణి బడి నుంచి నేరుగా షాపుకు వచ్చి, కౌంటరు బల్ల మీద హోంవర్కు చేసుకుంటూ, మధ్యలో తల ఎత్తకుండానే, "బాపు, ఆ మోటరు గీసుకుంటుంది" అనేది. నిజంగానే గీసుకుంటూ ఉండేది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. కానీ నేను ఒక్కరోజు కూడా స్పానరు పట్టనివ్వలేదు. "నా గోళ్ళు చూడు" అనేవాణ్ణి, అదేదో పెద్ద జవాబు అయినట్లు. ఎవరి చేతనో చెప్పించి ఎయిర్‌పోర్టులో టికెట్లు చూసి సామాన్లు తీసుకునే కౌంటర్ దగ్గర ఉద్యోగం వచ్చేలా చేశాను. మూడేళ్ళు చేసింది. మెడకు స్కార్ఫు, నోట్లో ఇంగ్లీషు. చుట్టాల్లో ఎవరు విమానం ఎక్కినా నాకు ఫోన్ చేసి, "మీ బిడ్డను చూసినం" అనేవాళ్ళు. నాకు ఆ మాట చాలు.

ఒక రోజు ఆ ఉద్యోగం మానేసి, విమానాలు మరమ్మతు చేసే హ్యాంగర్‌లో అప్రెంటిస్‌గా చేరుతున్నానని చెప్పింది. జీతం సగం కంటే తక్కువ. నేను అరిచాను. ఆమె అరవలేదు. "మూడేండ్ల సంది అద్దంల నుంచి చూస్తున్న బాపు. అందరిని ఎక్కిస్తున్న, అది ఎట్ల లేస్తదో నాకు తెల్వదు. నేను సదువుకున్నదే అది" అంది. నా భార్య కళమ్మ కూరగాయలు కోస్తూ, తల ఎత్తకుండా, "వంటోని బిడ్డ వంట నేర్చుకుంటనంటే వంటోనికి కోపమొచ్చినట్లుంది నీ కథ" అంది. ఆ మాట మీద అలిగి ఆ రోజు అన్నం తినలేదు. షాపుకు వచ్చేవాళ్ళు అడిగితే నాలుగు నెలల పాటు, "ఆఁ, కౌంటర్లనే ఉంది" అని అబద్ధం చెప్పాను. ఆమె మాత్రం నీలం రంగు పని బట్టలు వేసుకుని, బరువైన బూట్లతో, అందరి ముందు నుంచే స్కూటీ మీద పోయేది.

హ్యాంగర్ సంగతులు అన్నం దగ్గర చెప్పేది. పనిముట్ల పెట్టెలో స్పాంజి పరిచి, ఏ స్పానరు ఆకారం ఆ స్పానరుకు కోసి ఉంటుందట. ఒక్కటి లేకపోయినా ఖాళీ కనిపిస్తుందట. పొద్దున సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం సంతకం పెట్టి ఇవ్వాలి. నేను నవ్వి, "మా ఉస్తాద్ డబ్బా చూస్తే మీ సార్లకు గుండె ఆగుతది" అని ఆ డబ్బా కథ చెప్పాను. ఆమె నవ్వలేదు. "మా దగ్గర ఒక్క నట్టు మిగిలితే విమానం కదలదు బాపు" అంది. వాషరు కథ మాత్రం నేను చెప్పలేదు.

ఇప్పుడు ఆ మధ్యాహ్నానికి వస్తాను. అప్పటికి ఆమె హ్యాంగర్‌లో చేరి అయిదో నెల. ఆరు నెలలు నిండాక ఉంచుకోవాలో పంపేయాలో ఆమె పెద్దసారు రాయాలి. తోటివాళ్ళలో కొందరు ఆమెను 'కౌంటర్ మేడమ్' అని పిలిచేవాళ్ళు. పొద్దున షిఫ్టు ముగించుకుని మూడింటికి వచ్చి, పచ్చిపులుసుతో అన్నం తింటూ, ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. "బాపు, స్క్రూలు విప్పే బిట్ ఉంటది గదా. నేను తిరిగి ఇచ్చినప్పుడు దాని కొన కొంచెం ఇరిగి ఉండె" అంది. ఆ రోజు ఒక విమానం రెక్క కింది మూతలు విప్పి బిగించిందట. బిట్ లెక్కకు వచ్చింది, సంతకం అయిపోయింది, ఎవరూ కొన చూడలేదు. కొన ముందే విరిగి ఉందా, తన చేతిలో విరిగిందా అన్నది ఆమెకే సరిగ్గా తెలియదు. విరిగిన ముక్క బియ్యపుగింజంత ఉంటుంది. ఆ విమానం మర్నాడు పొద్దున ఎగరాలి.

"లెక్కల జమ అయిందా లేదా?" అన్నాను.

"అయింది."

"ఎవలన్న అడిగిన్రా?"

"లేదు."

"మరి నీకెందుకు పరేషాన్? గసొంటి ముక్కలు నేను లక్ష చూసిన. కింద పడి ఉంటది, ఊడ్చేసి ఉంటరు. ఇంకొక్క నెల ఓపిక పట్టు. ఇప్పుడు నోరు తెరిస్తే నీ పేరే రాస్తరు. కౌంటర్ ఉద్యోగం గూడ లేదు నీకు ఇప్పుడు."

ఆమె ఎడమ చేత్తో ఫోను అందుకుంది. అప్పుడే నేను లాక్కుని జేబులో వేసుకున్నాను. "ముందు తిను" అన్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు భయం లేదు. నేను ఆమెను కాపాడుతున్నానని పూర్తి నమ్మకం. ఆమె కొంతసేపు చూసి, లేచి, చెయ్యి కడుక్కుంది. మళ్ళీ బూట్లు వేసుకుంది. లేసులు నిదానంగా కట్టుకుంది. మెడలో కార్డు వేసుకుని, "ఫోన్ నీ దగ్గరనే ఉంచుకో బాపు. నేను పోయి చెప్తా" అని స్కూటీ తీసింది. కళమ్మ సగం తిన్న పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

నేను బండి వేసుకుని వెనకే వెళ్ళాను. అప్పటికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. గేటుకు ఇవతల రోడ్డు పక్కన చాయ్ బండి దగ్గర కూర్చున్నాను. నాలుగింటి నుంచి పొద్దు వాలేదాకా అక్కడే. తల మీద నుంచి విమానాలు దిగుతూనే ఉన్నాయి. ప్రతిదాని కిటికీలు కనిపించేంత కిందికి వచ్చేవి. లోపల మనుషులు ఉంటారన్నది నాకు కొత్త సంగతేమీ కాదు, కానీ ఆ రోజు వరకు నేను వాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు. సత్తయ్యను కూడా అలాగే తీసుకోలేదు. పక్కన గొంతుకూర్చుని ఉన్న మనిషినే తీసుకోని వాణ్ణి, పైన ఉన్నవాళ్ళను ఏం తీసుకుంటాను?

వెనకటి మనుషులు మంచివాళ్ళు, వెనకటి పని గట్టిది అని నా వయసువాళ్ళు అంటుంటారు. నేనూ అనేవాణ్ణి. చేతి పని గట్టిదే. ఉస్తాద్ అరచేతికి తెలిసింది ఈనాటి మిషన్లకు తెలియకపోవచ్చు. కానీ మాకు పనితో పాటు ఇంకో విద్య కూడా వచ్చింది. పడేసింది దాచడం, విరిగింది అతకడం, అడిగితే 'ఏం లేదు' అనడం. దాన్ని ఎవరూ నేర్పలేదు, దెబ్బలకు, జీతం కోతలకు భయపడి మేమే నేర్చుకున్నాం. నా ఉస్తాద్ ఎన్నడూ నన్ను కొట్టలేదు. అంటే నాకు ఆ సాకు కూడా లేదు. ఆ విద్యను నా కూతురికి అన్నంలో కలిపి పెట్టబోయాను. స్పానరు ముట్టనివ్వని వాణ్ణి, అది మాత్రం ఇవ్వబోయాను.

దీపాలు వెలిగే వేళకు ఆమె బయటికి వచ్చింది. మోచేతుల దాకా నలుపు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"దొరికిందా?" అన్నాను.

"దొరికింది. ఏడుగురం దేవులాడినం. రెక్క కింద మూత లోపట, తీగెల పక్కనే ఉంది. అయస్కాంతం కడ్డీకి అంటుకొని వచ్చింది."

"ఏమన్నరు?"

"సార్ మస్తు తిట్టిండు. తీసుకునేటప్పుడు కొన చూడలే, ఇచ్చేటప్పుడు చూడలే, రెండు తప్పులన్నడు. రాసియ్యమంటే రాసిచ్చిన."

"తీసేస్తరా?"

"రేపు ఆరింటికి రమ్మన్నడు. రేపటి సంది పనిముట్ల కౌంటర్ కాడ అందరి బిట్ల కొనలు చూసి తీసుకునే పని నాదేనట." అప్పుడు నవ్వింది. "ఇగ వాళ్ళకు నేను కౌంటర్ మేడమ్‌నే బాపు. తప్పదు."

చాయ్ తాగుతూ ఆమెకు వాషరు కథ చెప్పాను. నలభై అయిదేళ్ళలో మొదటిసారి నోటితో చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది. అయిపోయాక, "ఆ పటేల్ ఉన్నడా?" అంది. ఉన్నాడు, తుక్కుగూడలో మనవడి ఇంట్లో, ఎనభై దాటాయి అన్నాను. "మరి నాకెందుకు చెప్తున్నవ్?" అని, నా జేబులోంచి తన ఫోను తనే తీసుకుంది.

ఆమె ఆరు నెలలు పూర్తి చేసింది. ఇప్పుడు రెండో ఏడు. పెద్దసారు ఏం రాశాడో మాకు చూపించలేదు గాని, ఉంచుకున్నారు. షాపులో ఎవరైనా అడిగితే ఇప్పుడు, "రెక్కల పని చేస్తది" అని చెబుతున్నాను. కానీ తుక్కుగూడకు వెళ్ళడానికి నాకు ఇంకా చాలా ఆదివారాలు పట్టాయి. చివరికి ఒక ఆదివారం ఆమే నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని తీసుకుపోయింది.

సత్తయ్య అపార్ట్‌మెంటు కింద, కార్లు పెట్టే చోట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. "మియా కాడి నర్సింలువు గదరా" అన్నాడు. నేను కింద కూర్చుని మొత్తం చెప్పాను. ఎండిన రెండెకరాల గురించి తిడతాడనుకున్నాను. ఆయన తిట్టలేదు.

"పంటదేముందిరా. ఒక ఏడు పోతది, ఒక ఏడు వస్తది. నేను మియా మట్టికి పోలే. గాయన మీద కోపంతోని పోలే" అన్నాడు. తరవాత నా కూతురి వైపు తిరిగి, "గీ పిల్ల ఎవరు?" అని అడిగాడు.

"నా బిడ్డ పటేలా. విమానాలు బాగు చేస్తది."

"నీ తీరు కాదు గదా?"

"కాదు" అన్నాను. ఆ జవాబు మాత్రం తడుముకోకుండా వచ్చింది.

ఆయన కర్ర అందుకుని లేచాడు. "నాకు చెప్పుడు దేనికిరా? నా కాడికి కాదు నువ్వు రావాల్సింది. ఆటో పిలువు" అన్నాడు.

ఖబరస్తాన్ గేటు దగ్గర శ్రావణి చున్నీ తల మీదికి తీసుకుని అక్కడే ఆగిపోయింది. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి ఉంది. ఉస్తాద్ సమాధి ఎక్కడో నాకు తెలుసు. సత్తయ్య నా భుజం పట్టుకుని అక్కడిదాకా వచ్చి, కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. నేను చెప్పులు విడిచి కూర్చున్నాను. ఎలాగో మొదలుపెట్టి, లోలోపల గొణుక్కున్నట్లు రెండు మాటలు చెప్పాను. వెనక నుంచి కర్రతో నా వీపు మీద పొడిచాడు సత్తయ్య.

"ఇంజన్ల నడుమ బతికిన మనిషిరా. గంత మెల్లగ చెప్తే ఏం ఇనవడ్తది? జర గట్టిగ చెప్పు."

మళ్ళీ మొదటి నుంచి, గట్టిగా చెప్పాను.